లాక్స్‌టన్: కంచెలు లేని పొలాల ఇంగ్లిష్ పల్లె – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని లాక్స్‌టన్ అనే చిన్న ఊళ్లో రైతులు మధ్యయుగాల నాటి కట్టుబాటు ప్రకారమే ఇప్పటికీ సేద్యం చేస్తున్నారు. ఎవరి చెక్క వారిదే. కానీ ఏ ఏడు ఎక్కడ ఏ పంట వెయ్యాలన్న నిర్ణయం మాత్రం ఊరిది. సేద్యం తెలిసిన తెలుగువాళ్లు ఈ సంగతి వింటే మొదట అడిగేది గట్ల గురించే. అక్కడి నుంచి ప్రశ్నలు ఎటు పోతాయో చెప్పలేం. వాటిలో తరచుగా వచ్చేవి ఇవి.

ఈ ఊరు ఎక్కడుంది? ఎంత పెద్దది?

నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీలో, ఒల్లర్టన్, టక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్నాల మధ్య ఉంది. రాబిన్ హుడ్ కథల వల్ల మనకు తెలిసిన షెర్‌వుడ్ అడవి దీనికి పడమటి దిక్కున, దగ్గర్లోనే. ఒక ప్రధాన వీధి, ఒక చర్చి, ఒక పబ్బు, వీధి వెంట వరసగా ఎర్ర ఇటుక ఇళ్లు. జనాభా వందల్లోనే ఉంటుంది.

ఒక విషయం గమనించండి. ఇక్కడ రైతుల ఇళ్లూ కొట్టాలూ ఊళ్లోనే, వీధి పక్కనే ఉంటాయి. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల రైతు ఇల్లు తన పొలం మధ్యలో ఒంటరిగా కనిపిస్తుంది. ఊళ్లో ఇల్లు, ఊరవతల పొలం అనేది మనకు మామూలే గాని, ఇంగ్లండ్‌కు అది పాత కాలపు అమరిక. అది ఎందుకు మారిందో కింద చెబుతాను.

ఇంత చిన్న ఊరికి ఇంత పేరెందుకు?

ఒకప్పుడు మధ్య ఇంగ్లండ్ నిండా ఉన్న బహిరంగ పొలాల పద్ధతి దాని నియమాలతో, దాన్ని నడిపే కోర్టుతో సహా బతికున్నది ఇక్కడొక్కచోటే. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలున్నాయి. మూడూ కలిపి ఐదు వందల ఎకరాలకు కాస్త తక్కువ. ఒక్కో పొలం లోపల ఎన్నో పొడవాటి పట్టీలు, వాటిని సాగుచేసేది వేరువేరు రైతులు. పట్టీకీ పట్టీకీ మధ్య కంచె లేదు, గోడ లేదు, పొద లేదు. హద్దు ఏదంటే ఒక సాలు, చివర ఒక కర్ర గూటం.

మూడు పొలాలే ఎందుకు? పంట ఎలా తిరుగుతుంది?

మొదటి ఏడు ఒక పొలంలో గోధుమ. అది శరదృతువులో చల్లి మరుసటి వేసవిలో కోస్తారు. రెండో ఏడు అదే పొలంలో వసంతంలో వేసే పంట, అంటే బార్లీ లాంటివి. మూడో ఏడు విరామం. ఒకప్పుడు విరామమంటే పూర్తిగా బీడే, పశువుల్ని తోలేవారు. ఇప్పుడు ఆ ఏడు గడ్డి, క్లోవర్ లాంటి మేత పెంచుకోనిస్తారు. మూడు పొలాలు మూడు దశల్లో ఉంటాయి కాబట్టి ప్రతి ఏడూ ఊరికి గోధుమ వస్తుంది, ఏదో ఒక పొలం సేద తీరుతూ ఉంటుంది.

ఇందులో రైతుకు స్వేచ్ఛ తక్కువ. వెస్ట్ ఫీల్డ్ విరామంలో ఉన్న ఏడాది ‘నా పట్టీలో మాత్రం గోధుమ వేసుకుంటాను’ అంటే కుదరదు.

అయితే ఇది ఉమ్మడి భూమా? సహకార సేద్యమా?

రెండూ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రతి పట్టీకీ ఒక రైతు ఉన్నాడు. విత్తనం అతనిదే, ఎరువు అతనిదే, పంటా అతనిదే, నష్టమూ అతనిదే. ఉమ్మడిగా ఉన్నవి రెండే: పంటల వరస, కోత తర్వాత మేపుకునే హక్కు. పాత రోజుల్లో పంట ఇంటికి చేరాక ఆ పొలమంతా ఊరి మందకు తెరిచేవారు. అప్పుడు ఎవరి పట్టీ అన్నది లేదు. అందుకే అందరూ ఒకే పంట వెయ్యాలి, దాదాపు ఒకేసారి కొయ్యాలి. ఒక్కడి పైరు నిలిచి ఉన్నా మందను లోపలికి వదలడానికి వీల్లేదు.

నలుగురికీ హక్కున్న మేతభూమి చివరికి పాడైపోక తప్పదని 1968లో అమెరికా శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించాడు. ఆ వాదన చాలాకాలం చెల్లుబాటైంది. ఊళ్లు తమ వనరుల్ని తామే కట్టుబాట్లతో కాపాడుకోగలవని చూపించినందుకు ఎలినోర్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. లాక్స్‌టన్ వీధిలో నిలబడితే ఎవరి మాట నిజమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కో రైతు భూమి అన్ని ముక్కలుగా ఎందుకుంది?

దీనిమీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మూడు పొలాల్లోనూ తలా కొంత లేకపోతే, తమ భూమి ఉన్న పొలం విరామంలో ఉన్న ఏడాది ఆ ఇల్లు పస్తుండాల్సిందే. ఇది కాదనలేని కారణం. ఇక మంచి నేల, చెడ్డ నేల అందరికీ పంచాలన్నది మరొకటి. లాక్స్‌టన్‌ది బరువైన ఎర్ర బంకమట్టి. పల్లంలో నీరు నిలుస్తుంది, మెరకలో త్వరగా ఆరుతుంది. రెండుచోట్లా భూమి ఉన్నవాడికి వాన ఎక్కువైనా తక్కువైనా ఏదో ఒక పట్టీ నిలుస్తుంది. వీటికితోడు నాగలి సంగతి. ఆ నేలను దున్నే పెద్ద మడకకు ఎనిమిది ఎడ్ల దాకా కట్టేవారు. అన్ని ఎడ్లు ఒక్కడికి ఎక్కడివి? నలుగురూ కలిసి కట్టుకుని, ఒకరి తర్వాత ఒకరి పట్టీ దున్నేవారు.

అంత పొడవు కట్టును ఊరికే వెనక్కి తిప్పలేం కాబట్టి చివరికి వచ్చేసరికి కాస్త ముందునుంచే పక్కకు మళ్లించేవారు. ఇంగ్లండ్‌లో పాత గడ్డిభూముల్లో ఇప్పటికీ కనిపించే వంపు తిరిగిన దున్నకపు చాళ్లు ఆ మళ్లింపు గుర్తులే.

మన ఎకరానికీ ఈ పట్టీలకూ సంబంధం ఉందా?

ఉంది, చాలా దగ్గరి సంబంధం. ఎకరమంటే 4,840 చదరపు గజాలని మన రైతు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంత వింత సంఖ్య ఎలా వచ్చింది? 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న పట్టీ వైశాల్యం అది. ఎడ్లు ఆగకుండా లాగగలిగే దూరం 220 గజాలని, అలాంటి పట్టీ ఒక కట్టుకు ఒక రోజు దున్నకమని లెక్క. నిజమైన పట్టీలు నేలవాలును బట్టి పెద్దవీ చిన్నవీ ఉండేవి, కానీ కొలతకు మూలం ఆ రూపమే. 1620లో ఎడ్మండ్ గంటర్ తయారుచేసిన సర్వే గొలుసు పొడవు సరిగ్గా 22 గజాలు, అంటే 66 అడుగులు. అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం.

ఆ గొలుసే కంపెనీ సర్వేయర్లతో మన దేశానికి వచ్చింది. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. గుంట అంటే ఒక్కో వైపు 33 అడుగులుండే చదరం, అంటే వైపుకు సగం గొలుసు. చివరికి క్రికెట్ పిచ్ పొడవు కూడా ఆ 22 గజాలే. లాక్స్‌టన్ లాంటి పొలాల్లో ఎద్దు నడిచిన దారి ఇవాళ మన పట్టాదారు పాసుపుస్తకంలో అంకెగా ఉంది. ఈ ఊరి గురించి నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

‘కోర్టు లీట్’ అంటే ఏమిటి? అది నిజంగా కోర్టేనా?

మధ్యయుగపు మేనర్ (భూస్వామి ఎస్టేట్) కోర్టుల్లో ఒక రకం. భూస్వామి పేరిట, ఆయన వ్యవహారాలు చూసే స్టీవర్డ్ అధ్యక్షతన, ఊరివాళ్లే జ్యూరీగా కూర్చుని ఊరి తగాదాలు తీర్చేది. లాక్స్‌టన్‌లో అది ఏటా ఒకసారి చలికాలం మొదట్లో డోవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో సమావేశమవుతుంది.

దానికి ముందు జరిగే జ్యూరీ దినమే అసలు పని. నవంబరు చివర్లో, ఆ ఏడు గోధుమ చల్లిన పొలానికి జ్యూరీ బయల్దేరుతుంది. జ్యూరీ అంటే రైతులే, వాళ్లకో ఫోర్‌మన్. ఒకప్పుడు నడిచిపోయేవారు, ఇప్పుడు ట్రాక్టర్ వెనక ట్రెయిలర్‌లో కర్ర గూటాలు వేసుకుని పోతారు. ప్రతి పట్టీ చివర నిలబడి పాత గూటం ఎక్కడుందో వెతుకుతారు, లేకపోతే కొలిచి కొత్తది దిగ్గొడతారు. పక్కవాడి పట్టీలోకి ఒక సాలు ఎక్కువ పోయిందా, అందరూ తిరిగే బాటను దున్నేశారా, బాట మీద ఎరువు కుప్ప వదిలేశారా, కాలవ పూడిక తియ్యకుండా ఉంచారా అని చూస్తారు. తప్పు కనిపిస్తే రాసుకుంటారు. ఆ రాసేవాడి సొంత పట్టీ మీద కూడా రాయాల్సి రావచ్చు, మొహమాటానికి చోటు లేదు. మధ్యాహ్నం అందరూ కలిసి భోజనం.

తర్వాత జరిగే కోర్టులో హాజరు పిలుస్తారు, జ్యూరీ రాసుకున్న తప్పులు చదువుతారు, జరిమానాలు ఖాయం చేస్తారు. మరుసటి ఏడు గోధుమ పొలాన్ని చూడబోయే కొత్త జ్యూరీ బైబిల్ మీద ప్రమాణం చేస్తుంది.

గోధుమ పొలాన్నే చూడటానికి కారణముంది. విరామం ముగిశాక మళ్లీ కొత్తగా దున్ని హద్దులు తేల్చుకునేది అప్పుడే. మూడేళ్లకోసారి ప్రతి పొలం జ్యూరీ కంటపడుతుంది కాబట్టి సాలు సాలుగా జరిగే ఆక్రమణ పెరిగి పెద్దది కాకముందే దొరికిపోతుంది. మన దగ్గర గెట్టు పంచాయితీలు తాతల నాటి నుంచి మనవల దాకా, మండల ఆఫీసు నుంచి హైకోర్టు దాకా నడవడం చూసినవాళ్లకు ఈ మాట లోతు బాగా తెలుస్తుంది.

జరిమానా ఎంత? అది చూసి ఎవరైనా భయపడతారా?

కొన్ని పౌండ్లు. పబ్బులో ఒక పూట భోజనం ఖర్చు కంటే పెద్దదేమీ కాదు. డబ్బు కంటే, పొరుగువాళ్ల ముందు పేరు చదివించుకోవడమే శిక్ష.

ఇదంతా పర్యాటకుల కోసం ఆడుతున్న నాటకం కాదా?

అనుమానం సహజం. 1977లో పార్లమెంటు చేసిన న్యాయపాలన చట్టం ఇలాంటి పాత కోర్టుల న్యాయాధికారాలను దాదాపుగా తీసేసింది. మిగిలిన చోట్ల అవి ముచ్చటైన దుస్తులు వేసుకుని విందు చేసుకునే వేడుకలుగా మారాయి. లాక్స్‌టన్‌లో మాత్రం కోర్టుకు చెయ్యాల్సిన పని ఉంది. నవంబరు చలిలో బంకమట్టి తొక్కుతూ గూటాలు కొట్టడం చూడ్డానికి టికెట్టు కొనేవాళ్లెవరూ ఉండరు.

పొలాల మధ్య కనిపించే గడ్డిపట్టీలు ఏమిటి?

వాటిని సైక్స్ అంటారు. నీరు దిగే పల్లాలు, నాగలికి లొంగనివి. ఎన్ని తరాలుగానో దున్నకం, రసాయనాలు ఎరగని గడ్డి కావడంతో జూన్ నెలలో పూలతో నిండుతాయి. శాస్త్రీయ ప్రాముఖ్యం ఉన్న స్థలాలుగా ప్రభుత్వం వీటికి రక్షణ ఇచ్చింది. వేసవిలో ఆ గడ్డిని ఊళ్లో వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు కోసుకుంటారు. ఈ అంచుల్లోకి నాగలి జరిగిందా లేదా అన్నది కూడా జ్యూరీ చూసేవాటిలో ఒకటి.

పొలాలకు కంచె లేకపోతే పశువులు పైరు మీద పడవా?

పడతాయి. అందుకే బందెలదొడ్డి. అవును, అచ్చంగా మన ఊళ్లలో ఉండేలాంటిదే. పైరు మేసిన పశువును అందులో తోలేవారు, సొంతదారు బందె కట్టి విడిపించుకోవాలి. దానికి కావలిగా ఒక మనిషిని కోర్టే నియమించేది. లాక్స్‌టన్ బందెలదొడ్డిని బాగుచేసి ఉంచారు, చూడొచ్చు.

ఊరి చరిత్ర ఎప్పటిది?

1086లో విలియం రాజు చేయించిన డూమ్స్‌డే లెక్కల్లో, అంటే ఇంగ్లండ్ భూముల జాబితాలో, ఊరి పేరుంది. విలియంతో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు రాకముందు ఇది టోకి అనే దొరది, ఆ తర్వాత జెఫ్రీ ఆల్సెలిన్‌ది. జెఫ్రీ తరఫున వాల్టర్ అనే మనిషి ఇక్కడ ఉండేవాడు. కౌలు రైతులు, కూలీలు, కొద్దిమంది బానిసలు, నలభై ఎకరాల గడ్డిభూమి ఉన్నట్టు అందులో రాశారు.

ఊరికి ఉత్తరాన పెద్ద మట్టిదిబ్బ కనిపిస్తుంది. అది నార్మన్ల కోట. మీద ఏ కట్టడమూ మిగల్లేదు గాని దిబ్బ, చుట్టూ కందకాలు బాగా నిలిచాయి. ఈ కోటలో ఉన్న డి కో కుటుంబం, వాళ్ల తర్వాత ఎవరింగ్‌హామ్‌లు షెర్‌వుడ్ రాజ అడవికి వంశపారంపర్య అధికారులు. రాబిన్ హుడ్ కథ చెప్పుకుంటే వీళ్లు విలన్ పక్షం అన్నమాట. జాన్ రాజు కూడా ఇక్కడికి వచ్చాడు.

1635 నాటి పటం సంగతేమిటి? దానికి ఇండియాతో లింకుందని విన్నాం.

ఆ రోజుల్లో ఊరి దొర సర్ విలియం కోర్టెన్, లండన్ వర్తకుడు. తను కొన్న భూమిలో ఏముందో తెలియాలని మార్క్ పియర్స్ అనే సర్వేయర్ చేత 1635లో పటం, ప్రతి ముక్కకూ సొంతదారు పేరుతో జాబితా తయారు చేయించాడు. పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ప్రతి పట్టీ, ప్రతి ఇల్లు గీశారు. మధ్యమధ్య దున్నేవాళ్లు, విత్తేవాళ్లు, కోసేవాళ్లు, మందలు బొమ్మలుగా కనిపిస్తారు. ఒక ఊరి సేద్యాన్ని ఇంత వివరంగా పట్టిన పాత పటాలు అరుదు.

ఇక ఇండియా సంగతి. సరిగ్గా అదే 1635 చివర్లో మొదటి చార్లెస్ రాజు, ఈస్టిండియా కంపెనీ నెత్తిన పోటీగా ఈ కోర్టెన్ బృందానికి తూర్పుదేశాల్లో వర్తకానికి అనుమతిచ్చాడు. వాళ్ల ఓడలు 1636లో బయల్దేరి గోవా చేరాయి. పడమటి తీరంలో భట్కల్, కార్వార్‌లలో వాళ్ల కొట్లు వెలిశాయి. కోర్టెన్ మాత్రం ఆ ఏడే చనిపోయాడు. వ్యాపారం వారసుల చేతిలో దివాలా తీసింది, లాక్స్‌టన్ భూములు పియర్‌పాంట్ కుటుంబానికి చేరాయి. తర్వాతి కాలంలో ఎర్ల్ మ్యాన్‌వర్స్ బిరుదు పొందినవాళ్లు వీళ్లే.

మిగతా ఇంగ్లండ్‌లో ఈ పొలాలన్నీ ఏమయ్యాయి?

కంచెలు వేసేశారు. చెల్లాచెదురు పట్టీల్ని ఒక్కచోటికి చేర్చి, ఉమ్మడి హక్కుల్ని రద్దుచేసి, ఎవరి భూమికి వారు పొదల దడి కట్టుకున్నారు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా ఇలాంటి బిల్లులు చేసింది. వాటి కిందికి వచ్చిన భూమి 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్ మొత్తంలో ఐదో వంతుకు పైనే. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే ఇంగ్లండ్ పల్లెసీమ, అంటే పచ్చటి గళ్లు, చుట్టూ పొదలు, చాలావరకు ఆ బిల్లుల ఫలితమే. పొలం మధ్యలోకి ఇల్లు మారింది కూడా అప్పుడే. దిగుబడి పెరిగిందని కొందరంటారు, అది కొంత నిజం. గుడిసె, ఒక ఆవు, మేపుకునే హక్కు తప్ప కాగితం లేని పేదవాడు ఆ ఆవును కూడా పోగొట్టుకున్నాడన్నది అంతే నిజం.

మరి లాక్స్‌టన్ ఎలా తప్పించుకుంది?

ఎవరో దూరదృష్టితో కాపాడారని అనుకుంటే పొరపాటు. ఊరి భూమి ప్రధానంగా ఇద్దరు ప్రభువులది, ఎర్ల్ మ్యాన్‌వర్స్, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బ్రో. కంచెల ఖర్చు, భూమి మార్పిళ్ల విషయంలో వాళ్ల మధ్య పొత్తు కుదరలేదు, పని ఏళ్లకేళ్లు వాయిదా పడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మ్యాన్‌వర్స్ ఎస్టేట్ పొలాల్ని కుదించి, చిన్న పట్టీల్ని కలిపి పెద్దవి చేసింది. కాబట్టి ఇప్పుడు చూసేది 1635 నాటి పొలం యథాతథంగా కాదు. విస్తీర్ణం తగ్గింది, పట్టీలు వెడల్పయ్యాయి. పద్ధతి మాత్రం నిలిచింది. 1930లు వచ్చేసరికి ఇది ఒక్కటే మిగిలిందని చరిత్రకారులు గుర్తించారు, ఆ తర్వాతే కాపాడాలన్న ఆలోచన.

ఇప్పుడు భూమి ఎవరిది?

1952లో ఆరో ఎర్ల్ మ్యాన్‌వర్స్ దీన్ని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. (1955లో ఆయనతోనే ఆ బిరుదు అంతరించింది.) 1981లో శాఖ నుంచి, రాజరికం పేరిట ఉన్న భూములు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు మారింది. 2020లో క్రౌన్ ఎస్టేట్ దీన్ని థోర్స్‌బీ ఎస్టేట్‌కు, అంటే పియర్‌పాంట్ వారసుల చేతికే తిరిగి అమ్మింది. ఇన్ని చేతులు మారినా సేద్యం చేసే రైతులు చాలావరకు కౌలుదార్లే. వాళ్ల గురించి రాసేటప్పుడు ఈ మాట ఎక్కువమంది వదిలేస్తారు. పద్ధతిని నడిపే శ్రమ రైతుది, దాన్ని ఉంచాలా వద్దా అని తేల్చే అధికారం మాత్రం ఎప్పుడూ భూమి సొంతదారుదే.

రైతులకు ఇది గిట్టుబాటా?

పట్టీలు ఒక్కటే అయితే కాదు. పెద్ద యంత్రానికి సన్నటి పట్టీలో తిరగడమే సగం పని. అందుకే ప్రతి కమతంలోనూ పట్టీలతోపాటు కంచె వేసిన మామూలు పొలాలూ ఉంటాయి, బతుకు ఎక్కువగా వాటిమీదే నడుస్తుంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటివి ఇంకెక్కడా లేవా?

డెవన్‌లో బ్రాంటన్ గ్రేట్ ఫీల్డ్ ఉంది, లింకన్‌షైర్‌లోని ఆక్స్‌హోమ్ ప్రాంతంలో కొన్ని ఉన్నాయి. అక్కడ పట్టీలు మిగిలాయి గాని, మూడు పొలాల వంతూ కోర్టూ కలిసి లేవు.

వెళ్లి చూడొచ్చా? ఎప్పుడు బాగుంటుంది?

చూడొచ్చు. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి వచ్చే మార్గంలో న్యూఆర్క్ నార్త్ గేట్ గాని రెట్‌ఫర్డ్ గాని దిగి టాక్సీ మాట్లాడుకోవాలి. కారుంటే ఏ1 రోడ్డు మీద టక్స్‌ఫర్డ్ దగ్గర మళ్లాలి. పబ్బు వెనక చిన్న సందర్శకుల కేంద్రం ఉంది, ముందు అక్కడ పటం చూసుకుని బయల్దేరితే ఏ పొలం ఏ దశలో ఉందో పోల్చుకోవచ్చు. చర్చిలో ఎవరింగ్‌హామ్ ఇంటి ఇల్లాలి ఓక్ చెక్క శిల్పం తప్పకుండా చూడండి. రాతివి ఎన్నో చోట్ల ఉన్నాయి గాని చెక్కవి అరుదు. 1995లో మొదలైన నేషనల్ హోలోకాస్ట్ సెంటర్ కూడా ఈ ఊరి పొలిమేరల్లోనే ఉంది, దానికి విడిగా ఒక పూట పెట్టుకోండి.

పూల కోసమైతే జూన్ చివర. పట్టీలు స్పష్టంగా విడివిడిగా కనబడాలంటే శరదృతువులో దున్నకం అయ్యాక. అప్పుడు మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి, ఆ బంకమట్టి మామూలు చెప్పుల్ని వదలదు. పొలాల మీదుగా నడకదారులున్నాయి. గుర్తులున్న దారి దాటి పైరులో కాలు పెట్టకండి, గూటాలు కదపకండి.